రేడియేషన్.. ఒక్క మాటకి ఎన్ని అర్థాలు!

సెల్‌ఫోన్ నుంచి వచ్చేదీ రేడియేషనే. సీటీ స్కాన్‌లో ఉండేదీ రేడియేషనే. క్యాన్సర్‌కి ఇచ్చేదీ రేడియేషనే. ఇవి చాలవన్నట్టు మా డాక్టర్లం కేస్‌షీట్‌లో ‘నొప్పి రేడియేట్ అవుతోంది’ అనీ రాస్తుంటాం. ఇన్ని వేర్వేరు సంగతులకు ఒకే పేరు ఉండేసరికి జనంలో భయం కూడా ఒకటే అయిపోయింది. భయపడాల్సిన చోట ధీమాగా ఉంటున్నారు, ధీమాగా ఉండాల్సిన చోట వణికిపోతున్నారు. మేడ మీద టవర్ పెడతారంటే అపార్ట్‌మెంట్ అంతా ఒక్కటై అడ్డుపడతారు. అదే అపార్ట్‌మెంట్‌లోని మనిషి చిన్న తలనొప్పికి వచ్చి, ‘‘డాక్టర్ గారూ, మా తృప్తి కోసం ఓసారి తలకి స్కాన్ రాసెయ్యండి’’ అంటాడు. అందుకే ముందు ఈ మాట సంగతే తేల్చుకుందాం.

బండి చక్రం ఆకు నుంచి..

రేడియేషన్‌కి మూలం లాటిన్‌లోని ‘రేడియస్’ అనే మాట. బండి చక్రంలో మధ్యనున్న కుండ నుంచి అంచు వరకు నిలువుగా ఉండే ఆకులుంటాయి చూడండి, వాటి పేరది. వెలుగు రేఖకూ అదే పేరు. ఒక చోటు నుంచి నలువైపులా విచ్చుకుపోయే దేనికైనా ఈ మాట అతుక్కుంది. లెక్కల్లో వృత్తానికి రేడియస్, కారుకి రేడియేటర్, ముంజేతిలో బొటనవేలి వైపు ఎముకకి రేడియస్. నాడి చూడటానికి మేం మణికట్టు దగ్గర వేలు పెట్టేది ‘రేడియల్’ ధమని మీదే. వీటిలో వేటికీ ప్రమాదకరమైన కిరణాలతో సంబంధం లేదు.

ఈ మధ్య మరో చిక్కు వచ్చింది. పక్షవాతం వచ్చినవాళ్ల మెదడు స్కాన్ రిపోర్టులో ‘కరోనా రేడియేటా’ అన్న మాట తరచూ కనిపిస్తుంది. కిరీటంలా విచ్చుకుని ఉండే నరాల పోగులకు శరీర నిర్మాణ శాస్త్రం ఎప్పుడో పెట్టిన పేరది. కోవిడ్ తర్వాత దాన్ని చదివినవాళ్లకు ముందు వైరస్, ఆ వెంటనే రేడియేషన్ గుర్తొస్తున్నాయి. రెండూ కాదు.

నొప్పి ‘రేడియేట్’ అవడమంటే పాకడం. నడుములో మొదలై పిక్క దాకా జివ్వున లాగితే వెన్నుపూసల దగ్గర నరం నొక్కుకుందేమోనని ఆలోచిస్తాం. ఛాతీ మధ్యలో బరువుగా మొదలై ఎడమ చేతికో, దవడకో, వీపుకో పాకుతూ చెమటలు పడితే అది గుండెపోటు కావచ్చు. పత్రికల్లో ఎన్నిసార్లు రాసినా ఈ ‘పాకే నొప్పి’ని గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. నన్నడిగితే, రేడియేషన్‌కి ఉన్న అర్థాలన్నిటిలో ఇంట్లో ప్రతి ఒక్కరూ ముందుగా తెలుసుకోవాల్సింది ఇదే.

దూది ఉండ, ఇనుప మేకు

సైన్సులో రేడియేషన్‌ని మన పాఠ్యపుస్తకాలు ‘వికిరణం’ అన్నాయి. శక్తి ఒక చోటు నుంచి కిరణాలుగా, కణాలుగా ప్రయాణించడం. ఉష్ణ వహనం, ఉష్ణ సంవహనం, ఉష్ణ వికిరణం అని హైస్కూల్లో బట్టీ పట్టిన పాఠం గుర్తుందా? పొయ్యి ముందు కూర్చుంటే ముఖానికి తగిలే సెగ కూడా వికిరణమే. ఎండ, బల్బు వెలుగు, రేడియో తరంగాలు, ఎక్స్‌రే.. అన్నీ ఒకే కుటుంబం. తేడా అంతా ఒక్కో కిరణం మోసుకొచ్చే శక్తిలో ఉంటుంది.

గోడకేసి దూది ఉండలు ఎన్ని విసిరినా బెజ్జం పడదు. ఒక్క మేకు దిగితే పడుతుంది. ఎక్స్‌రే, గామా కిరణాలు మేకుల వంటివి. అవి అణువుల్లోంచి ఎలక్ట్రాన్‌ని ఊడగొట్టగలవు, కణంలోని డీఎన్‌ఏని తెంచగలవు. వీటిని అయనీకరణ వికిరణాలంటారు. రేడియో, మైక్రోవేవ్, సెల్‌ఫోన్ తరంగాలు దూది ఉండలు. మోతాదు బాగా పెరిగితే వేడి పుట్టిస్తాయే గానీ డీఎన్‌ఏని తెంచేంత శక్తి వాటికి లేదు. అతినీలలోహిత కిరణాలు ఈ రెంటికీ సరిహద్దులో ఉంటాయి. ఎండలో ఉండే ఈ కిరణాలు చర్మాన్నీ, కంటి కటకాన్నీ దెబ్బతీస్తాయి. సెల్ టవర్‌కి భయపడేవాళ్లు మిట్టమధ్యాహ్నం ఎండకి మాత్రం భయపడరు.

వీటికి తోడు ‘రేడియోధార్మికత’ అని ఇంకో మాట ఉంది. కొన్ని పదార్థాలు వాటంతట అవే కిరణాలను వెదజల్లే గుణమది. యురేనియంలో ఈ గుణాన్ని 1896లో హెన్రీ బెకరెల్ గుర్తించారు. దానికి పేరు పెట్టింది క్యూరీ దంపతులు. రేడియేషన్ అనేది వెలువడే శక్తి, రేడియోధార్మికత పదార్థానికుండే గుణం. ఈ రెండూ ఒకటేననుకోవడం వల్లే క్యాన్సర్ రోగులున్న ఇళ్లలో అనవసరపు బాధలు పుడుతున్నాయి. ఆ సంగతికి తర్వాత వద్దాం.

టవర్ మాటేమిటి?

అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2011లో సెల్‌ఫోన్ తరంగాలను ‘క్యాన్సర్‌కి కారణం కావొచ్చేమో’ అనే 2బి గ్రూపులో చేర్చింది. వాట్సాప్‌లో ఇప్పటికీ తిరుగుతున్న మాట అదే. కలబంద ఆకు మొత్తం నుంచి తీసిన సారం కూడా ఆ గ్రూపులోనే ఉంది. రుజువు బలంగా లేదు, కొట్టిపారేయలేం అన్నదే ఆ గ్రూపుకి అర్థం. ఆ తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించిన పెద్ద సమీక్ష ఒకటి 2024లో వచ్చింది. సెల్‌ఫోన్ వాడకానికీ మెదడు క్యాన్సర్‌కీ సంబంధం కనిపించలేదని అది తేల్చింది. టవర్ల నుంచి వెలువడే తరంగాలకు మన దేశంలో 2012 నుంచీ అంతర్జాతీయ పరిమితిలో పదో వంతే అనుమతి. ఇంకో తమాషా ఏమిటంటే, టవర్ దూరమై సిగ్నల్ సన్నగిల్లేకొద్దీ చెవి దగ్గరున్న ఫోనే ఎక్కువ శక్తితో పనిచేయాల్సి వస్తుంది. ఫోన్ వల్ల పిల్లల నిద్ర, చూపు, చదువు పాడవుతున్నాయంటే ఒప్పుకుంటాను. అది రేడియేషన్ తప్పు కాదు.

స్కాన్లన్నీ ఒకటి కావు

ఆసుపత్రిలో ‘రేడియాలజీ’ బోర్డు ఉన్న విభాగంలో జరిగే పరీక్షలన్నిటిలోనూ రేడియేషన్ ఉంటుందనుకోవద్దు. అల్ట్రాసౌండ్‌లో ఉండేది శబ్ద తరంగాలు. ఎంఆర్ఐలో ఉండేది అయస్కాంతం, రేడియో తరంగాలు. ఎంఆర్ఐని మొదట్లో ‘న్యూక్లియర్ మాగ్నెటిక్ రెజొనెన్స్’ అనేవారు. న్యూక్లియర్ అంటే అక్కడ పరమాణు కేంద్రకమని అర్థం, అణుబాంబుతో దానికి సంబంధం లేదు. అయినా జనం బెదురుతారని ఆ మాటని పక్కన పెట్టేశారు.

అయనీకరణ రేడియేషన్ ఉండేది ఎక్స్‌రే, సీటీ, మామోగ్రామ్, యాంజియోగ్రామ్, పెట్ స్కాన్ లాంటి వాటిలో. మన శరీరం మీద దీని ప్రభావాన్ని ‘మిల్లీసీవర్ట్’లలో లెక్కిస్తారు. ఏ ఆసుపత్రి గడపా తొక్కకపోయినా నేల నుంచి, గాలి నుంచి, ఆకాశం నుంచి, తినే తిండి నుంచి మనిషికి ఏడాదికి సగటున 2.4 మిల్లీసీవర్ట్‌లు అందుతూనే ఉంటుంది. ఛాతీ ఎక్స్‌రేకి పట్టేది 0.1 లోపే, అంటే మామూలుగా పది పదిహేను రోజుల్లో ప్రకృతి నుంచి అందేదానికి మించదు. తల సీటీకి 2, కడుపు సీటీకి 8 దాకా అవుతుంది. యంత్రాన్ని బట్టి, మనిషి ఒడ్డూ పొడుగును బట్టి, ఎన్నిసార్లు తిప్పి తీశారన్నదాన్ని బట్టి ఇది మారుతుంది. 2021లో కోవిడ్ రెండో విడతలో ఒక సీటీ ఎన్ని ఎక్స్‌రేలకు సమానమని టీవీల్లో పెద్ద వాదన నడిచింది. అన్ని యంత్రాలకూ వర్తించే ఒకే జవాబు లేకపోవడంతో ఆ వాదన ఎటూ తేలలేదు.

ఒక్క సీటీతో క్యాన్సర్ వచ్చేస్తుందా? ఒక్కరిని పట్టుకుని చూస్తే ఆ ముప్పు చాలా చిన్నది. పసిపిల్లల్లో కొంచెం ఎక్కువ. చిక్కల్లా అవసరం లేకుండా తీయించుకోవడం, తీసిందే మళ్లీ తీయించుకోవడం. కిడ్నీలో రాయి ఉన్నవాళ్లు నొప్పి వచ్చినప్పుడల్లా సీటీ అంటారు. చాలాసార్లు అల్ట్రాసౌండ్ సరిపోతుంది. జిల్లా ఆసుపత్రిలో తీసిన స్కాన్‌ని ఇంట్లో వదిలేసి హైదరాబాద్ వస్తే ఇక్కడ మళ్లీ తీయాల్సిందే. ఫిల్ములు, సీడీలు ఇంటి దస్తావేజుల్లా దాచుకోండి. రిపోర్టు కాగితం ఒక్కటే తెస్తే సరిపోదు, మేం బొమ్మ చూడాలి.

అలాగని అవసరమైన సీటీని వద్దనకూడదు. మూతి వంకరపోయి, చెయ్యి పడిపోయిన మనిషికి మెదడులో గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వాలంటే నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. దానికి ముందు సీటీ తప్పదు. అలాంటి సమయంలో ‘‘రేడియేషన్ ఎక్కువేమో సార్’’ అని బంధువులు చర్చ మొదలుపెడితే నాకు గడియారమే కనిపిస్తుంది.

‘కరెంటు’ పెడితే దూరం ఉండాలా?

రేడియోథెరపీని మన ఊళ్లలో ‘కరెంటు పెట్టడం’ అంటారు. ఈ పేరు చేసిన చేటు ఇంతా అంతా కాదు. నిజానికి ఒంట్లోకి కరెంటు ఏమీ పోదు. షాక్ కొట్టదు. బల్ల మీద కదలకుండా పడుకుంటే యంత్రం చుట్టూ తిరుగుతుంది, కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. ఆ సమయంలో నొప్పి కూడా తెలియదు. తర్వాత రోజుల్లో ఆ చోట చర్మం నల్లబడొచ్చు, మండొచ్చు. మెడ, నోటి దగ్గర ఇచ్చినవాళ్లకు నోరు పూస్తుంది. అలసట ఉంటుంది. నల్లబడిన చర్మానికి పసుపు, నూనె లాంటి ఇంటి వైద్యాలు చేయకుండా అక్కడి డాక్టరు చెప్పిందే రాయాలి.

రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్ అయ్యి రేడియేషన్ తీసుకుంటున్న ఒకామె బీపీ మాత్రల కోసం మా ఓపీకి వచ్చేది. ఇంట్లో ఆమెకు కంచం, గ్లాసు వేరుగా పెట్టారు. రెండేళ్ల మనవణ్ని దగ్గరికి రానివ్వడం లేదు. ‘‘అత్తయ్య ఒంట్లో రేడియేషన్ ఉంటుంది కదా సార్, పిల్లాడికి తగిలితే?’’ అని కోడలే అడిగింది. ఆ అమ్మాయిది చెడ్డ మనసేమీ కాదు, ఆ ఒక్క మాట పెట్టిన భయమది. పెద్దావిడ మాత్రం ఇలా బతకడం కంటే ‘కరెంటు’ మానేయడం మేలన్న ఆలోచనలో ఉంది.

కోడలికి చెప్పిందే మీకూ చెబుతున్నాను. బయటి నుంచి యంత్రంతో ఇచ్చే రేడియేషన్ టార్చిలైటు వెలుగు లాంటిది. లైటు ఆర్పాక ముఖంలో వెలుగు మిగిలి ఉండదు. లీనియర్ యాక్సిలరేటర్ అయినా, పాతకాలపు కోబాల్ట్ యంత్రమైనా అంతే. గదిలోంచి బయటికి వచ్చిన రోగిలో రేడియేషన్ ఉండదు. పిల్లల్ని ఎత్తుకోవచ్చు, ఒకే కంచంలో తినొచ్చు, పక్కన పడుకోవచ్చు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి లోపల గొట్టం పెట్టి ఇచ్చే చికిత్సలోనూ చాలాచోట్ల రేడియోధార్మిక మూలకాన్ని అప్పటికప్పుడే వెనక్కి తీసేస్తారు.

సిట్టింగులు మధ్యలో మానకూడదు. రొమ్ము క్యాన్సర్‌కి సాధారణంగా 15 నుంచి 25 ఉంటాయి, వారానికి అయిదు రోజులు. పండక్కనీ, కోతలకనీ రెండు వారాలు ఎగ్గొడితే ఆ విరామంలో క్యాన్సర్ కణాలు కోలుకుంటాయి. ముఖ్యంగా గొంతు, నోరు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో చికిత్స ఎంత సాగితే ఫలితం అంత తగ్గుతుంది. ఆరోగ్యశ్రీలో రేడియోథెరపీ ఉంది. డబ్బు లేక కాదు గానీ, భయం వల్ల మానేసేవాళ్లను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

ఇక్కడొక మినహాయింపు ఉంది, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. థైరాయిడ్ జబ్బులకు తాగించే రేడియో అయోడిన్ విషయం వేరు. అక్కడ రేడియోధార్మిక పదార్థమే ఒంట్లోకి వెళుతుంది. దాని తీవ్రత ఎనిమిది రోజులకోసారి సగమవుతూ వస్తుంది. చెమట, ఉమ్మి, మూత్రంలోనూ బయటికి వస్తుంది. కాబట్టి ఆ విభాగం వాళ్లు చెప్పినన్ని రోజులు వేరుగా పడుకోవాలి. పసిపిల్లలకు, గర్భిణులకు దూరంగా ఉండాలి. నీళ్లు బాగా తాగాలి. టాయిలెట్‌ని రెండుసార్లు ఫ్లష్ చేయాలి. బిడ్డకు పాలిస్తున్నవాళ్లయితే మందు తీసుకోక ముందే మాన్పించాలి. పెట్ స్కాన్‌లో వాడే మందు చాలా త్వరగా, దాదాపు రెండు గంటలకే సగమవుతుంది. ఆ ఒక్కరోజు చంటిపిల్లల్ని ఎత్తుకోకపోతే చాలు.

తుక్కు దుకాణం, మామిడిపండు

కిరణం తగలడం వేరు, కిరణాలిచ్చే పదార్థం ఒంటికి అంటుకోవడమో, చేతికి చిక్కడమో వేరు. 2010 ఏప్రిల్‌లో ఢిల్లీలోని మాయాపురి తుక్కు మార్కెట్‌కి ఒక పాత ప్రయోగశాల పరికరం చేరింది. అందులో కోబాల్ట్-60 ఉందని తెలియక విప్పేశారు. పలువురు ఆసుపత్రి పాలయ్యారు, ఒకరు చనిపోయారు. మామిడిపండ్ల సంగతి దీనికి పూర్తిగా భిన్నం. 2007 నుంచి మన దేశపు మామిడి అమెరికాకి వెళుతోంది. పురుగులు పోవడానికి గామా కిరణాల కింద ఉంచాకే వాటిని పంపుతున్నారు. అక్కడి మన పిల్లలు ఆ పండు తింటే వాళ్లలోకి రేడియేషన్ ఏమీ పోదు. మైక్రోవేవ్ ఓవెన్‌లో వేడిచేసిన అన్నానికీ ఇదే జవాబు.

గర్భమని తెలియక ఎక్స్‌రే తీయించుకుంటే..

నెల తప్పిన సంగతి తెలియక ఛాతీ ఎక్స్‌రేకో, పంటి ఎక్స్‌రేకో వెళ్లిన అమ్మాయిలు తర్వాత ఏడుస్తూ వస్తారు. ‘తీయించేసుకో’ అని ఎవరో చెప్పే ఉంటారు. ఛాతీ ఎక్స్‌రే వల్ల గర్భంలోని పిండానికి చేరేది 0.01 మిల్లీగ్రే కన్నా తక్కువ. కడుపు సీటీ అయినా సాధారణంగా కొన్ని పదుల మిల్లీగ్రేలు దాటదు. 100 మిల్లీగ్రేల లోపైతే కేవలం రేడియేషన్ కారణంగా గర్భం తీయించుకోవాల్సిన పని లేదని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఎక్స్‌రే గదికి వెళ్లేముందే నెలసరి ఎప్పుడొచ్చిందో, తప్పిందేమోనన్న అనుమానం ఉందో టెక్నీషియన్‌కి చెప్పాలి. అది సిగ్గుపడాల్సిన విషయం కాదు. ఒకవేళ అప్పటికే తీయించుకుని ఉంటే, ఏ పరీక్ష, ఏ తేదీన, ఎన్నిసార్లు తీశారో కాగితం మీద రాసుకుని గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లండి. రేడియోథెరపీ విభాగమున్న పెద్దాసుపత్రుల్లో మెడికల్ ఫిజిసిస్టులు ఉంటారు. బిడ్డకు ఎంత అంది ఉంటుందో వాళ్లు లెక్కకట్టి చెప్పగలరు. ఆ లెక్క చేతికి రాకముందే ఏ నిర్ణయమూ తీసుకోకండి.