పొదుపునకు కాలమే మూలధనము

పొదుపు మంచిదని ఎరుగనివారు గ్రామములలో లేరు. కాని ఏ వయస్సున, ఎంత, ఏ అవసరము కొరకు దాచవలెనో చెప్పగలవారు కొద్దిమందియే. ఈ విషయమున పంచాయతీ సభ్యులు ప్రజలకు చేయగల సహాయము చాల కలదు. దానిని వివరించుటకే మేమీ వ్యాసమును వ్రాయుచున్నాము.

రెండు రకముల ఆదాయము

కాజీపేట - విజయవాడ రైలుమార్గమున డోర్నకల్ ఒక ముఖ్యమైన జంక్షను. భద్రాచలం రోడ్డుకు పోవు శాఖామార్గము ఇచట చీలును. 2016 వరకు వరంగల్లు జిల్లాలోనుండిన ఈ ప్రాంతము నేడు మహబూబాబాదు జిల్లాలో నున్నది. ఇచట రైల్వే ఉద్యోగుల కుటుంబములును, రైతు కూలీల కుటుంబములును ఇరుగుపొరుగున జీవించుచున్నవి.

రైల్వే ఉద్యోగికి జీతము నెలనెలా వచ్చును. వృద్ధాప్యము కొరకు చెల్లించవలసిన భాగము జీతము చేతికి అందకమునుపే మినహాయింపబడును. మిర్చియో, ప్రత్తియో పండించు రైతుకు ఇట్టి ఏర్పాటు లేదు. ఖమ్మము మార్కెట్టులోనో, వరంగల్లు మార్కెట్టులోనో సరుకు అమ్మిన దినమున సంవత్సరపు ఆదాయమంతయు ఒక్కసారి చేతికి వచ్చును. ఖర్చులు మాత్రము పండ్రెండు నెలలును ఉండును. కావున ఖర్చులు పోగా మిగిలినది దాచుదమనుకొన్న రైతుకు మిగులునది ఉండదు. పంట అమ్మిన దినముననే కొంత భాగమును ప్రక్కకు తీసి, ఆ తరువాత ఖర్చులకు పూనుకొనవలెను.

అప్పు ఖరీదు

దాచిన ధనము లేనిచో రోగము వచ్చినను, పెండ్లి వచ్చినను అప్పే శరణ్యము. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ స్వల్పముగా తోచవచ్చును. కాని 10,000 రూపాయల అప్పునకు ఆ వడ్డీ నెలకు 300, సంవత్సరమునకు 3,600 రూపాయలగును. మూడేండ్లు నిండునప్పటికి వడ్డీయే 10,800 రూపాయలై అసలును మించిపోవును.

ఇది క్రొత్త బాధ కాదు. రిజర్వు బ్యాంకు 1951-52లో దేశమంతట జరిపించిన గ్రామీణ ఋణముల సర్వేలో, రైతుల అప్పులలో నూటికి సుమారు 70 వంతులు వడ్డీ వ్యాపారులవని తేలినది. ప్రభుత్వమును, సహకార సంఘములును కలిసి ఇచ్చినది నూటికి ఏడు వంతులకు మించలేదు. ఆ స్థితిని మార్చుటకు పూనుకొన్న వారిలో మన ప్రాంతమువారును కలరు. 1956లో అలిగిరెడ్డి విశ్వనాథరెడ్డిగారి చొరవతో నెలకొన్న ములుకనూరు సహకార గ్రామీణ బ్యాంకు అందులకు ఉదాహరణము.

పంచాయతీ రిజిస్టరే పంచాంగము

ఏ వయస్సున ఏమి చేయవలెనో తెలిసికొనుటకు పంచాయతీ కార్యాలయములోని జనన మరణముల రిజిస్టరును మించిన పంచాంగము లేదు.

ఆడశిశువు జననము నమోదైన దినముననే తల్లిదండ్రులకు సుకన్య సమృద్ధి ఖాతాను గూర్చి తెలుపవలెను. ఈ పథకము 2015లో ప్రారంభమైనది. బాలికకు పదియేండ్లు నిండకమునుపు పోస్టాఫీసులోగాని, బ్యాంకులోగాని ఖాతా తెరువవచ్చును. సంవత్సరమునకు కనీసము 250 రూపాయలు, గరిష్ఠముగా 1,50,000 రూపాయలు చెల్లించవచ్చును. పదునైదేండ్లు చెల్లించిన చాలును; ఖాతా తెరచిన 21 ఏండ్లకు మొత్తము పైకము చేతికి వచ్చును. పదునెనిమిదేండ్లు నిండిన పిదప చదువునకై నిలువలో సగము వరకు తీసికొనవచ్చును.

పదునెనిమిదవ యేడు రెండవ మెట్టు. ఓటరు జాబితాలో పేరు చేరు ఈ వయస్సుననే వృద్ధాప్యమును గూర్చి ఆలోచించుట లాభకరము. 2015లోనే మొదలైన అటల్ పింఛను పథకములో 18 నుండి 40 ఏండ్లలోపువారు చేరవచ్చును. ఆదాయపు పన్ను చెల్లించువారు మాత్రము 2022 అక్టోబరు నుండి అనర్హులు. 60 ఏండ్లు నిండిన పిదప నెలకు 1,000 రూపాయల పింఛను పొందుటకు, పదునెనిమిదవ యేట చేరినవారు నెలకు 42 రూపాయలు చెల్లింతురు. నలువదవ యేట చేరినవారు 291 రూపాయలు చెల్లింపవలెను. మొదటివారు 42 ఏండ్లలో చెల్లించు మొత్తము 21,168 రూపాయలు. రెండవవారు 20 ఏండ్లలోనే 69,840 రూపాయలు చెల్లింతురు. పింఛను ఇరువురకును ఒక్కటే. ఆ వ్యత్యాసమే ఆలస్యమునకు మనము చెల్లించు మూల్యము.

సంసారభారము మోయు వయస్సు మూడవ మెట్టు. సంపాదించువాడు మరణించినచో ఇల్లు గడచుటెట్లు? ప్రధానమంత్రి జీవనజ్యోతి బీమాకు సంవత్సరమునకు 436 రూపాయలు, సురక్షా బీమాకు 20 రూపాయలు ఖాతానుండి తీసికొనబడును. మొదటిది ఏ కారణమున మరణించినను, రెండవది ప్రమాదమున మరణించినను 2 లక్షల రూపాయలు ఇచ్చును. జీవనజ్యోతిలో 50 ఏండ్లవరకును, సురక్షాలో 70 ఏండ్లవరకును చేరవచ్చును. బీమా సంవత్సరము జూన్ 1న మొదలగును గనుక, మే నెలాఖరున ఖాతాలో 456 రూపాయలు లేనిచో రక్షణ తెగిపోవును. ఈ ఒక్క మాట మే నెలలో గ్రామమున దండోరా వేయించినచో ఎన్నో కుటుంబములకు మేలగును.

అరువది దాటినవారు ఉన్న ధనమును అప్పులిచ్చి పోగొట్టుకొనరాదు. వారికొరకు పోస్టాఫీసులలోను, బ్యాంకులలోను వయోవృద్ధుల పొదుపు పథకము కలదు. దానిపై వడ్డీ మూడు నెలలకొకసారి వచ్చును.

ఇక మరణము నమోదగునాడు పంచాయతీవారు అడుగవలసిన ప్రశ్న యొకటి కలదు: మృతునకు బీమా ఉన్నదా? ఖాతాలో నామినీ పేరు వ్రాయించినాడా? ఈ విషయము తెలియక రావలసిన పైకమును పొందలేని కుటుంబములు ఉండరాదు.

సంఘముగా దాచుట

ఒంటరిగా దాచుట కష్టమైనవారు సంఘముగా దాచవచ్చును. 1982లో వచ్చిన డ్వాక్రా పథకమును, 1990 తరువాత వరంగల్లు, కరీంనగరు జిల్లాలలో వ్యాపించిన మహిళా పొదుపు సహకార సంఘములును దీనిని నిరూపించినవి. క్రమముగా సమావేశమగుట, క్రమముగా పొదుపు చేయుట, తమలో తాము అప్పులిచ్చుకొనుట, గడువులోపల తీర్చుట, లెక్కలు సరిగా వ్రాయుట అను అయిదు సూత్రములే వీటి బలము. లెక్కల పుస్తకము చదివి వినిపింపని సంఘము ఎక్కువకాలము నిలువదు.

మోసముల విషయమున

అధిక వడ్డీ ఆశ చూపువారియెడ జాగరూకత వహింపవలెను. చిట్టీ కట్టదలచినవారు, 1982 నాటి చిట్‌ఫండ్ చట్టము ప్రకారము అది రిజిస్టరు అయినదో లేదో ముందుగా విచారింపవలెను. బ్యాంకు నిలువలకు 2020 నుండి ఒక్కొక్క బ్యాంకులో ఒక్కొక్కరికి 5 లక్షల రూపాయలవరకు బీమా కలదు. వీధిలో వసూలుచేయు చీటీలకు అట్టి రక్షణ లేదు. ఏజెంటునకు పైకమిచ్చినచో రసీదు తీసికొని, పాసుపుస్తకములో జమ వ్రాయించుకొనుట మరువరాదు.

సభ్యులు తమ వార్డులలో పదియేండ్లలోపు బాలికలెందరో, పదునెనిమిది నిండినవారెందరో, నలువదికి చేరువైనవారెందరో జాబితా వ్రాసికొనవలెను. పంట అమ్మకములు మొదలగుటకు ముందే గ్రామసభ జరిపి, పోస్టుమాస్టరును, బ్యాంకు ఉద్యోగిని పిలిపించి, అక్కడికక్కడే ఖాతాలు తెరపింపవలెను. ఇందుకు పంచాయతీ నిధులు ఖర్చు చేయనక్కరలేదు. నలువదియేండ్లు దాటినవానికి అటల్ పింఛను ద్వారము మూయబడును గనుక, ఆ జాబితాలో మొదట చూడవలసినది వాని పేరునకు ముందున్న పేరును.