వంటింటి లక్కపెట్టె

ఆవాలు, జీలకర్ర, మెంతులు పోసుకొనడానికి ముచ్చటపడి రంగుల కర్రపెట్టెను కొన్నవారికి తరచు ఒక చిక్కు ఎదురవుతుంది. వేసవిలో సులువుగా వచ్చిన మూత శ్రావణమాసంలో ఎంత లాగినా రాదు. మరికొన్ని పెట్టెలది మరొక ధోరణి. కొన్ననాడు బిగువుగా ఉన్న మూత నాలుగు నెలలకే వదులై, అడుగున సన్నని చీలిక కనిపిస్తుంది. పనివానికి నేర్పు చాలలేదని కొన్నవారు అనుకుంటారు. కాని చాలా సందర్భాలలో ఇందుకు కారణం కర్రలోని నీరు.

ఇటువంటి పెట్టెలకు, కుంకుమ భరిణెలకు, లక్కబొమ్మలకు పేరుపడిన గ్రామం ఏటికొప్పాక. ఇది అనకాపల్లి జిల్లాలో వరాహనది ఒడ్డున ఉన్నది. ఇక్కడి బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. పనివారు వాడేది అంకుడు కర్ర. అది తెల్లగా, మెత్తగా, సన్నని పోగుతో ఉండి ఉలికి బాగా లొంగుతుంది. అయితే ఎంత మంచి కర్ర అయినా నీటి ధర్మానికి లోబడవలసిందే.

పచ్చికర్రలో నీరు రెండు చోట్ల ఉంటుంది. కణాల లోపలి ఖాళీలలో కొంత, కణాల గోడలలో కొంత. ఎండేటప్పుడు ముందుగా ఖాళీలలోని నీరు పోతుంది. అప్పుడు కర్ర తేలికపడుతుందే గాని కుంచించుకుపోదు. పొడికర్ర బరువులో నీరు సుమారు నూటికి 30 పాళ్లకు దిగిన తరువాత గోడలలోని నీరు పోవడం మొదలవుతుంది. కర్ర కుంచించుకొనేది అప్పుడే. ఆ కుంచించుకొనడం కూడా అన్ని దిక్కులా ఒకేరీతిగా జరగదు. నిలువు పొడవులో అది లెక్కకు రానంత స్వల్పం. నడిమి బెండునుంచి బెరడువైపుకు కొంత, వార్షిక వలయాల వెంట దానికి దాదాపు రెండింతలు. చాలా కలపలలో, పూర్తిగా ఎండేసరికి, వలయాల వెంట నూటికి 8 పాళ్లు, బెండునుంచి బెరడుకు 4 పాళ్లు తగ్గుతుందని స్థూలంగా చెప్పవచ్చును.

ఒక దుంగను నిలువునా చీల్చి, ఒక చెక్కనుంచి 8 సెంటీమీటర్ల అడ్డుకొలత గల గుండ్రని పెట్టెను పచ్చిగా ఉండగానే చెక్కారనుకుందాం. ఎండిన తరువాత అది ఒకవైపు 73.6, మరొకవైపు 76.8 మిల్లీమీటర్లు ఉంటుంది. మూడు మిల్లీమీటర్ల తేడా! వలయం కోడిగుడ్డు ఆకారానికి తిరుగుతుంది. మూత కూడా అట్లే తిరుగుతుంది గనుక, అది ఏదో ఒక్క స్థితిలో మాత్రమే పడుతుంది. కాస్త తిప్పితే పట్టేస్తుంది.

బెండు నడుమనున్న గుండ్రని కొమ్మనుంచి చేస్తే కథ వేరు. కొమ్మ చుట్టుకొలత ఎక్కువ తగ్గాలని చూస్తుంది, లోపలి కర్ర అంతగా తగ్గనివ్వదు. ఆ పెనుగులాటలో బెరడునుంచి బెండుదాకా కర్ర పగులుతుంది. కట్టెల మోపులో ఈ పగుళ్లను అందరూ చూసినవే. నడుమ తొలిచేస్తే ఆ అడ్డు తొలగి, గోడ గుండ్రంగానే కుంచించుకుంటుంది. కాని పెట్టె అడుగు తొలవని కర్రే కదా! చీలిక అడుగుననే కనిపించడానికి కారణం అదే. కొంత మందం ఉంచి ముతకగా తొలిచి, నీడలో బాగా ఆరనిచ్చి, ఆ తరువాత సరియైన కొలతకు చెక్కడం ఇందుకు విరుగుడు. తొందరలో అమ్మకానికి పెట్టే సరుకులో జరగనిది ఇదే.

ఆరిన కర్రకూ నిలకడ లేదు. గాలిలో తేమ 65 శాతం ఉన్నప్పుడు కర్రలో సుమారు 12 పాళ్ల నీరు నిలుస్తుంది. తేమ 90 శాతమైతే అది 20 పాళ్లకు చేరుతుంది. మూతనూ పెట్టెనూ ఒకే ముక్కలో పక్కపక్కనుంచి తీసి, పోగుదిక్కు కలిపి అమర్చితే రెండూ కలిసి ఉబ్బుతాయి, కలిసి తగ్గుతాయి.

ఇక పైపూత. కుసుమ, మోదుగ, రేగు చెట్లపై బ్రతికే ఒక పురుగు స్రవించే జిగురే లక్క. రంగు కలిపిన లక్కకడ్డీని తరిమెన, అనగా లేతు మిషను, మీద గిర్రున తిరిగే పెట్టెకు అదిమితే రాపిడివేడికి లక్క కరిగి అంటుకుంటుంది. మొగలి ఆకుతో ఒత్తి దానిని సమంగా పరచి, మెరుగు తెస్తారు. లక్క నీటిలో కరగదు, తేమను నెమ్మదింపజేస్తుంది. అయితే సుమారు 70 సెంటీగ్రేడు డిగ్రీలకే మెత్తబడుతుంది, సోడాకు కరుగుతుంది. కనుక పొయ్యిమీదనుంచి దించిన గిన్నె పక్కన దీనిని ఆనించరాదు. సబ్బుతో తోమనూ రాదు. పొడిగుడ్డతో తుడిస్తే చాలును.

లక్కవలన హాని లేదు. మాత్రలకు, మిఠాయిలకు దానినే పూతగా వాడుతున్నారు. ఆలోచించవలసింది అందులో కలిపే రంగును గురించి. మెరిసే పసుపు రంగులలో కొన్నింట సీసపు క్రోమేటు ఉంటుంది. తడిచేతులు తగిలే వంటింట్లో, ప్రతిదీ నోట పెట్టుకొనే పసివారున్న ఇంట్లో, ఇది చిన్న విషయం కాదు. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఇంతవరకు హాని లేదని చెప్పదగిన మోతాదు ఏదీ తెలియదు. ఏటికొప్పాకలో పసుపు, జాఫ్రా గింజలు, నీలిమందు మొదలైన సహజవర్ణాలను తిరిగి వాడుకలోకి తెచ్చిన కృషికి సి.వి. రాజు 2023లో పద్మశ్రీ అందుకున్నారు. సహజవర్ణాలకూ లోపం లేకపోలేదు. పసుపు రంగు ఎండకు వెలిసిపోతుంది. కిటికీ దగ్గర కాక అలమరలో ఉంచితే ఎక్కువకాలం నిలుస్తుంది.

పసుపు రంగు పెట్టెను ఇంటివద్దనే కొంత పరీక్షించవచ్చును. పొయ్యి ఆర్పి ఉన్నప్పుడు, దూదిని స్పిరిటుతో తడిపి పెట్టె అడుగున రుద్దాలి. లక్క అయితే మెత్తబడి రంగు దూదికి అంటుతుంది. బాగా ఆరిన ఎనామెల్ పెయింటు అంత సులభంగా రాదు. ఆ మరకకు తడిసున్నం రాస్తే, పారాణిలో వలె, పసుపుకొమ్ము రంగు ఎర్రబారుతుంది. ఎర్రబారకపోతే అది పసుపుకొమ్ము రంగు కాదు. ఎర్రబారినా మరొక రంగు కలవలేదని ఈ పరీక్ష చెప్పలేదు. సీసం సంగతి ప్రయోగశాలలోనే తేలుతుంది. అందుచేత దినుసులు తగిలే లోపలివైపు ఏ రంగూ వేయని పెట్టెను ఎంచుకొనడం మేలు.