తొలి మరను కోసిందెవరు?

బోల్టుకు చుట్లు పడాలంటే డై కావాలి. ఆ డై లోపల చుట్లు పడాలంటే ట్యాపు కావాలి. ట్యాపు తయారు కావాలంటే లేతు కావాలి. లేతులో కోత పనిముట్టును చుట్టుకింత చొప్పున జరిపేది లీడ్‌స్క్రూ అనే పొడవాటి మర. మరి ఆ మరను కోసిందేది? ఇంకో లేతు, అందులోని ఇంకో మర. చెట్టు ముందా విత్తు ముందా అన్నట్టు కనిపించే ఈ ప్రశ్నకు నిజానికి జవాబుంది. ఈ వరస పట్టుకుని వెనక్కి పోతే ఒకచోట ఆగుతాం. అక్కడ యంత్రం ఉండదు. ఒక గుండ్రటి కర్ర, ఒక రంపం, ఒక ఉలి, వాటిని పట్టిన మనిషి చేతులు మాత్రం ఉంటాయి. ఆ చేతులు చేసిన పనిని ఈ రోజు కూడా ఎవరైనా తమ పెరట్లో చేసి చూడవచ్చు.

మర అంటే కర్రకు చుట్టిన వాలు. కాగితాన్ని లంబకోణ త్రిభుజంగా కత్తిరించి పెన్సిలుకు చుడితే, దాని ఏటవాలు అంచు మెలికలు తిరుగుతూ పైకెక్కుతుంది. నిటారు కొండను బస్సు ఎక్కలేదు కాబట్టి తిరుమల ఘాట్ రోడ్డు కొండ చుట్టూ తిరుగుతూ పోతుంది. దూరం పెరుగుతుంది, శ్రమ తగ్గుతుంది. మర చేసేదీ అదే. అంగుళానికి 6 చుట్లున్న చెక్క మరలో రెండు చుట్ల మధ్య దూరం, అంటే మరభ్రమణాంతరం, 4.2 మిల్లీమీటర్లు. దానికి 15 సెంటీమీటర్ల పిడి తగిలించి ఒక చుట్టు తిప్పితే చెయ్యి 94 సెంటీమీటర్లు తిరుగుతుంది, మర 4.2 మిల్లీమీటర్లే ముందుకు జరుగుతుంది. లెక్కప్రకారం బలం 220 రెట్లు కావాలి. అందులో ఎక్కువ భాగాన్ని ఘర్షణ తినేస్తుంది. అయినా మిగిలింది తక్కువేమీ కాదు.

పైగా ఆ ఘర్షణ వల్లే మరకు ఇంకో గొప్ప గుణం వచ్చింది. అంగుళం మందం మరలో చుట్ల వాలు మూడు నాలుగు డిగ్రీలకు మించదు. కర్ర మీద కర్ర తనంతట తాను జారాలంటే అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ వాలు కావాలి. అందుకే బిగించిన మర చెయ్యి తీసేసినా వెనక్కి తిరగదు. పట్టుకుని నిలబడే మనిషి అవసరం లేకుండా పట్టు నిలిచే సాధనం ఇది.

ఆలివ్ గానుగ దగ్గర పుట్టిన పనిముట్టు

క్రీస్తుశకం 1వ శతాబ్దంలో ఈజిప్టులోని అలెగ్జాండ్రియా నగరంలో హీరో అనే యంత్రశాస్త్రజ్ఞుడు ఉండేవాడు. ఆయన రాసిన 'మెకానికా' గ్రంథం గ్రీకు మూలం చాలావరకు పోయింది. 9వ శతాబ్దంలో కుస్తా ఇబ్న్ లూకా చేసిన అరబ్బీ అనువాదం వల్లే అది మనదాకా వచ్చింది. ఆలివ్ నూనె, ద్రాక్షరసం పిండే యంత్రాల గురించి అందులో వివరంగా ఉంది. దాదాపు అదే కాలంలో రోమన్ రచయిత ప్లినీ కూడా తన 'ప్రకృతి చరిత్ర'లో, మరతో పనిచేసే గ్రీకు పద్ధతి గానుగలు గత నూరేళ్లలోనే వచ్చాయని రాశాడు. ఆ మరలన్నీ చెక్కవే.

మొదట్లో మరకు నట్టు లేదు. మర గాడిలోకి పక్కనుంచి ఒక చీలను దూర్చేవారు. మర తిరుగుతుంటే ఆ చీల గాడి వెంట నడిచేది. బరువంతా ఒక్క చీల మీద పడితే పట్టు ఎంత? ఆ భారం అన్ని చుట్లకూ సమంగా పడాలంటే రంధ్రం లోపల కూడా చుట్లుండాలి. కర్ర పైభాగాన గీత గీసి ఉలితో చెక్కవచ్చు. బొటనవేలు పట్టే రంధ్రం లోపల ఎలా చెక్కడం? ఈ చిక్కుముడిని విప్పే పనిముట్టును హీరో తన గ్రంథంలో వర్ణించాడు. ఒక కర్రకు పైసగం మర చుట్లు ఉంటాయి, కిందిసగం నున్నగా ఉండి దానిలో ఒక చిన్న ఇనుప కత్తి బిగించి ఉంటుంది. పైన దారి చూపే దిమ్మెలో మర తిరుగుతుంటే, కింద కత్తి అదే వాలులో రంధ్రం గోడను కోస్తూ దిగుతుంది. మనకు తెలిసినంతలో, నట్టు కోయడానికి వర్ణించిన తొలి సాధనం ఇదే. దాదాపు రెండువేల ఏళ్ల తర్వాత, సొంతంగా ట్యాపు చేసుకునే వడ్రంగులు అనుసరిస్తున్నదీ ఇదే సూత్రం.

కాగితం, రంపం, పాత ఆకురాయి

30 మిల్లీమీటర్ల మందం మరకు నట్టు కోయాలనుకుందాం. చుట్టుకు చుట్టుకు మధ్య 6 మిల్లీమీటర్లు, గాడి లోతు 3 మిల్లీమీటర్లు అనుకుంటే గాడి అడుగున కర్ర మందం 24 మిల్లీమీటర్లు. కాబట్టి నట్టు దిమ్మెకు 24 మిల్లీమీటర్ల రంధ్రం వేయాలి. అందులో దూరి తిరిగే 24 మిల్లీమీటర్ల గుండ్రటి కర్రే మన ట్యాపు అవుతుంది.

దాని చుట్టుకొలత 75.4 మిల్లీమీటర్లు. సరిగ్గా అంతే వెడల్పున్న కాగితం తీసుకుని, రెండు నిలువు అంచుల మీదా 6 మిల్లీమీటర్లకొక చుక్క పెట్టాలి. ఎడమ అంచు మీది మొదటి చుక్కను కుడి అంచు మీది రెండో చుక్కతో, ఎడమ రెండో చుక్కను కుడి మూడో చుక్కతో, అలా చివరిదాకా ఏటవాలు గీతలతో కలపాలి. ఈ కాగితాన్ని కర్రకు చుట్టి అంటిస్తే, ఒక గీత ముగిసినచోట పై గీత మొదలవుతుంది. విడివిడిగా గీసిన గీతలన్నీ ఒకే ఎడతెగని మెలికగా మారతాయి. తొలి మర పుట్టే ఘడియ ఇదే. దీనికి ముందు మరో మర లేదు. జ్యామితి ఒక్కటే ఉంది.

ఇప్పుడు సన్నపళ్ల రంపంతో ఆ గీత వెంటే కర్రను మెల్లగా తిప్పుతూ మూడు నాలుగు మిల్లీమీటర్ల లోతున గాడి కోయాలి. తొందరపడితే రంపం గీత దాటి పక్క చుట్టులోకి పోతుంది. తర్వాత ఒక గట్టి దిమ్మెకు 24 మిల్లీమీటర్ల రంధ్రం వేసి, పాత రంపపు రేకు ముక్కను ఆ గాడి వాలుకు సరిపోయేలా ఏటవాలుగా బిగించాలి. రేకు అంచు రంధ్రంలోకి కొద్దిగా పొడుచుకు వచ్చి ట్యాపు గాడిలో కూర్చుంటుంది. కర్రను తిప్పితే రేకు ఆ గాడిని పట్టి నడిపిస్తుంది. హీరో దిమ్మె చేసిన పనే ఈ దిమ్మె చేస్తుంది.

ట్యాపు కింది కొసకు దగ్గరగా అడ్డంగా చిన్న రంధ్రం వేసి కత్తిని చీలతో బిగించాలి. అరిగిపోయిన ఆకురాయి ముక్కను 90 డిగ్రీల మొనగా సానబడితే కత్తి సిద్ధం. దిమ్మెను నట్టు చెక్క మీద కదలకుండా కట్టేసి, తొలివిడత మొనను అర మిల్లీమీటరు మాత్రమే బయటికుంచి తిప్పాలి. కత్తి రంధ్రం గోడ మీద సన్నని గీత గీస్తూ అవతలికి పోతుంది. వెనక్కి తెచ్చి, ఇంకో అర మిల్లీమీటరు బయటికి జరిపి మళ్లీ తిప్పాలి. ప్రతిసారీ కత్తి తన పాత దారినే పోతుంది, ఎందుకంటే దారి చూపేది చెయ్యి కాదు, గాడి. ఆరు విడతల్లో 3 మిల్లీమీటర్ల లోతు పూర్తవుతుంది.

ఆ నట్టే పెట్టె అవుతుంది

ఇక మర కోయడానికి వేరే తంటా లేదు. ఇప్పుడు కోసిన నట్టే దానికి దారి చూపుతుంది. నట్టు దిమ్మె ముందు 30 మిల్లీమీటర్ల నున్నటి రంధ్రమున్న పలకను బిగిస్తారు. చుట్లు మొదలయ్యే చోట, రెండింటి నడుమ, ఆంగ్ల 'వి' అక్షరం ఆకారంలో సానబట్టిన కత్తిని అమరుస్తారు. కోసిన పొట్టు బయటికి రావడానికి పక్కన కిటికీ లాంటి ఖాళీ వదులుతారు. చెక్కకు చుట్లు కోసే డై పెట్టె అంటే ఇంతే.

దీని పనితనమంతా కత్తి కూర్చునే తావులో ఉంది. మొన సరిగ్గా గాడి అడుగును తాకాలి, సరిగ్గా చుట్టు మొదలయ్యే చోటే ఉండాలి. అర మిల్లీమీటరు అటూ ఇటూ అయితే, కోసిన గాడి లోపలి చుట్టుతో కలవదు. మర బిగుసుకుపోతుంది, లేదా చుట్ల శిఖరాలు రాలిపోతాయి. కత్తి రెండు రెక్కలూ మొనకంటే కాస్త ముందుండాలి. అప్పుడు పైనార ముందే తెగుతుంది, చెక్క చిట్లదు. అంతా కుదిరిందంటే, కర్రను మొదటి చుట్టు నెట్టి తిప్పితే చాలు. కొత్తగా పడిన గాడి వెనకున్న నట్టు చుట్లను పట్టుకుంటుంది. ఆపైన నెట్టే పనిలేదు. మర తనను తానే లోపలికి లాక్కుంటూ తనను తానే కోసుకుంటుంది.

కర్ర సంగతి కూడా ముఖ్యమే. యూరప్‌లో బీచ్, మేపుల్, హార్న్‌బీమ్, పియర్, ఆపిల్ లాంటి నున్నటి, గట్టి కర్రలను ఎంచేవారు. ఏ కర్రయినా నార వంకర లేకుండా నిలువునా సాగాలి, ముడి ఉండకూడదు. కోసేముందు అవిసె గింజల నూనెలో నానబెడితే చుట్టు అంచులు చిట్లవు. నట్టు రంధ్రం మాత్రం నారకు అడ్డంగా వేయాలి. నార కొస వైపు నుంచి వేస్తే చుట్లు త్వరగా ఊడిపోతాయి. చెక్క చుట్టు ఎప్పుడైనా నార వెంటే విరుగుతుంది కాబట్టి చెక్క మరకు సన్న చుట్లు పనికిరావు. లావుగా, దూరందూరంగా ఉండాలి.

పుస్తకాన్ని అచ్చువేసిన మర

ద్రాక్ష గానుగల మరే 1450 ప్రాంతంలో జర్మనీలోని మైంజ్ నగరంలో గూటెన్‌బర్గ్ ముద్రణ యంత్రంలో కొత్త కొలువుకు చేరింది. సిరా పూసిన అక్షరాల మీద కాగితాన్ని సమంగా అదమడానికి అంతకంటే తగిన సాధనం అప్పటికి లేదు. 1800 ప్రాంతంలో స్టాన్‌హోప్ ఇనుప ముద్రణ యంత్రం వచ్చేదాకా, మూడున్నర శతాబ్దాలపాటు యూరప్ పుస్తకాలన్నీ చెక్క చట్రంలో బిగించిన మర తిరుగుడు కిందే అచ్చయ్యాయి. చాలాచోట్ల ఈలోగా మరను లోహంతో చేయడం మొదలైంది గాని చట్రం చెక్కదే. 1746లో జర్మనీలోని హాలెలో బెంజమిన్ షుల్జ్ అచ్చువేయించిన తొలి తెలుగు పుస్తకాలు కూడా ఆ కాలపు మర యంత్రం కిందనుంచి వచ్చినవే.

మన దేశంలో మర ఇంకో దారి పట్టింది. నేల మీద కూర్చుని కాలివేళ్లతో చెక్కను పట్టుకుని చెక్కే మన వడ్రంగికి బల్లకు బిగించే మర పట్టుతో పెద్దగా అవసరం పడలేదు. కాని పత్తి నుంచి గింజ తీసే చెక్క యంత్రంలో, కొన్ని చెరకు గానుగల్లో, పక్కపక్కన ఉన్న రెండు చెక్క రూళ్ల కొసలకు మర చుట్లు చెక్కేవారు. ఒకటి తిప్పితే రెండోది దాని చుట్లు పట్టుకుని ఎదురు దిశలో తిరిగేది. బిగించడానికి కాకుండా తిరుగుడును ఒక దాన్నుంచి మరో దానికి అందించడానికి మరను వాడిన తెలివి అది.

చెక్క నుంచి ఉక్కుకు

లోహపు మరలు కచ్చితంగా కోసే విద్య రావడానికి చాలా కాలం పట్టింది. దక్షిణ జర్మనీలోని వోల్ఫెగ్ కోటలో చాలాకాలం ఉన్న 15వ శతాబ్దపు చివరి పాదం నాటి చిత్రగ్రంథంలో మరలు కోసే లేతు బొమ్మ ఉంది. లియొనార్డో డావించీ కూడా అలాంటి యంత్రాన్ని గీశాడు. 1800 ప్రాంతంలో లండన్‌లో హెన్రీ మాడ్స్‌లే చేసిన లేతుతో ఆ విద్య పరిపక్వమైంది. ఆయన తన మూల మరను పుట్టించిన తీరు గమనించదగ్గది. కర్ర లేదా మెత్తని లోహపు కడ్డీ తిరుగుతుంటే ఒక పదునైన కత్తిని లెక్కగట్టిన వాలులో దానికి ఆనించాడు. కత్తి ఆ వాలులోనే పక్కకు జరుగుతూ మెలికను గీసింది. వాలును కడ్డీకి చుట్టాలన్న పాత ఆలోచనే అది. అక్కడినుంచి దోషాలు దిద్దుతూ, మరనుంచి మరింత మంచి మరను తీస్తూ, చివరికి 5 అడుగుల పొడవున అంగుళానికి 50 చుట్లున్న మరను, దానికి 600 చుట్లున్న అడుగు పొడవు నట్టును చేశాడు. పొడవాటి నట్టు అన్ని చుట్లనూ ఒకేసారి పట్టుకుంటుంది కాబట్టి, ఒక్కో చుట్టులోని చిన్న తప్పులు ఒకదానికొకటి సర్దుకుపోతాయి. ఆయన దగ్గర పనిచేసిన జోసెఫ్ విట్‌వర్త్ 1841లో చుట్లకు ఒకే కొలత, 55 డిగ్రీల కోణం ప్రతిపాదించాడు. అప్పటిదాకా ఒక కార్ఖానా బోల్టు మరో కార్ఖానా నట్టుకు పట్టేది కాదు.

ముతక పనిముట్టు తనకంటే నాణ్యమైన పనిముట్టును కనగలదన్నదే ఈ కథంతటికీ సారం. కాగితం గీత కంటే రంపపు గాడి మెరుగు, గాడి కంటే నట్టు మెరుగు, నట్టు కంటే దానితో కోసిన మర మెరుగు. ప్రతి మెట్టు దగ్గరా మనిషి ఓపిక పట్టి దోషాన్ని సరిచేశాడు. ఖరీదైన యంత్రం కొంటేనే పని వస్తుందన్న భ్రమకు ఇంతకంటే మంచి సమాధానం లేదు.

మన ఇంటర్ సైన్సు విద్యార్థులు భౌతికశాస్త్ర ప్రయోగశాలలో స్క్రూగేజి పడతారు. మరభ్రమణాంతరం 1 మిల్లీమీటరు, తల మీద 100 విభాగాలు, కనీసపు కొలత 0.01 మిల్లీమీటరు అని రికార్డులో రాసి మార్కులు తెచ్చుకుంటారు. ఆ మర ఎలా పుట్టిందో వాళ్లకు ఎవరూ చెప్పరు. ప్రయోగశాల నడిపే అధ్యాపకులకు, ఐటీఐ శిక్షకులకు నా విన్నపం ఒక్కటే. స్క్రూగేజి చేతికిచ్చే ముందు పిల్లలకు ఒక గుండ్రటి కర్ర, కొలిచి గీసిన కాగితం, సన్నపళ్ల రంపం ఇవ్వండి. ఒక్క మరనైనా వాళ్ల చేతులతో కోయించండి. ఆ తర్వాత వాళ్లకు మరభ్రమణాంతరం అంటే ఏమిటో నిర్వచనం బట్టీ పట్టించాల్సిన అవసరం రాదు.