అద్దెయింటి వంటగట్టునకుఁ దగిన ఱాయి



పల్లెలో సేద్యము చేసికొనుచు, వార్ధక్యమున నాధారమగునని పట్టణమున నొక యిల్లు కట్టి యద్దె కిచ్చువారు మీలోఁ గొందఱు గలరు. అట్టి యింట నెక్కువ రాపిడికి లోనగునది వంటగట్టు. దానికిఁ దగిన ఱాయి యేదో విచారింతము.

మన ప్రాంతమున గట్టునకు వాడు ఱాలలోఁ గడపబండ, తాండూరుబండ, పాలఱాయి యను మూఁడును సున్నపుజాతివి. సున్నపుఱాతికిఁ బులుపు శత్రువు. చింతపులుసుగాని నిమ్మరసముగాని పడి నిలిచినచోట ఱాయి కొంత కరఁగి మెఱుఁగు గోల్పోవును. అది మరక కాదు. ఱాతికిఁ గలిగిన క్షయము. ఎంత తోమినను బోదు, మరల సానపట్టింపవలసినదే. పులుసు గాఁగని తెలుగింటి పొయ్యి యెక్కడ నున్నది?

గ్రానైటు వేఱు జాతి. భూగర్భమునఁ గరఁగియున్న శిలాద్రవము మెల్లమెల్లఁగాఁ జల్లాఱుటచే నేర్పడినది. ఖనిజముల కాఠిన్యమును 1 మొదలు 10 వఱకు లెక్కించు మోహ్స్ కొలతలో, సున్నపుఱాతిలోని కాల్సైటు 3; గ్రానైటులోని ఫెల్డ్‌స్పారు 6, క్వార్ట్జు 7. సామాన్యపు టుక్కుకత్తి యీ రెంటి నడుమ నుండును. కావున నది కడపబండను గీయును, గ్రానైటును గీయఁజాలదు. వంటింటి పులుపును దీనిని దినఁజాలదు. ప్రకాశము జిల్లా చీమకుర్తిలోఁ దీయు చుక్కల నల్లఱాయి శాస్త్రరీత్యా గాబ్రో జాతిదైనను, వర్తకులు గ్రానైటనియే యమ్ముదురు. గట్టునకు నదియుఁ దగినదే. క్వార్ట్జు పొడిని జిగురుతోఁ గూర్చిన కృత్రిమపు పలకలు చూపున కందమైనవి. కాని కాఁగిన గిన్నెను దింపినచో జిగురు చెడి మచ్చపడును.

కొనుటకు ముందు ఱాతిముక్కపై నాలుగు చుక్కల నిమ్మరసము వేసి, పావుగంట తరువాతఁ గడిగి చూడుఁడు. మెఱుఁగు మాసినచో నది సున్నపుజాతిది. ఱాయి బరువు నోర్చును గాని వంగుటకు నోర్వదు. కావున సింకుకొఱకుఁ గోసిన మూలలయొద్ద విఱుగును. అచ్చటఁ గ్రింద గట్టి యాధార ముంచుఁడు. తెల్లని ఱాతిపై పసుపును, కేవలము నల్లనిదానిపై నుప్పునీటి చాఱలును గనఁబడును; చుక్కల ఱాయి రెంటిని దాఁచును.

కడపబండ వెల తక్కువయే. కాని పులుపును వెంటనే తుడువవలయునను నియమము అద్దెకున్నవారి శ్రద్ధపై నాధారపడినది. యజమానుఁడు కంట లేనిచోట శ్రద్ధ నడుగని ఱాయియే మేలు.

1882 నాఁటి ఆస్తి బదలాయింపు చట్టము 108వ సెక్షను ప్రకారము, వేఱు ఒడంబడిక లేనిచో, అద్దెదారు ఇంటిని దాను బ్రవేశించిన నాఁటి స్థితిలో నప్పగింపవలయును. సాధారణపు వాడుకవలని యరుగుదలకు మాత్రము బాధ్యుఁడు గాఁడు. మఱి పులుసుమచ్చ యరుగుదలయా, యజాగ్రత్తయా? అడ్వాన్సు సొమ్ము తిరిగి యిచ్చునాఁడు తగవు పుట్టు నిక్కడనే. కావున తాళపుచెవి యిచ్చునాఁడే యిరువురును గట్టును జూచి, దాని స్థితిని పత్రమున వ్రాసికొనుఁడు.