మదర్‌బోర్డు కట్టిన పగటివేషం

మాకింటోష్‌లలో పవర్‌పీసీ చిప్‌ల స్థానంలో ఇంటెల్ చిప్‌లు రాబోతున్నాయని స్టీవ్ జాబ్స్ 2005 జూన్ 6న ప్రకటించాడు. కొత్త చిప్‌పై ప్రోగ్రాములు సరిచూసుకోవడానికి తిరిగిచ్చేయాలన్న షరతుతో యాపిల్ డెవలపర్లకు 999 డాలర్లకు పెంటియం 4 యంత్రాలిచ్చింది. మూత తీస్తే లోపల దాదాపు మామూలు పీసీయే! అందులోని మాక్ ఓఎస్ ఆ ఏడాదే బయటికి పొక్కింది. విడిభాగాలు కొని సొంతంగా బిగించుకున్న కంప్యూటర్లో దాన్ని నడిపించే విద్య అలా మొదలైంది. పేరు హ్యాకింతోష్.

చిప్ ఒకటైతే సరిపోదు. అప్పటి పీసీలు బయోస్‌తో మేలుకునేవి, ఇంటెల్ మాక్‌లు ఈఎఫ్‌ఐతో. పైగా మాక్‌లో ఫ్యాన్లనూ వేడినీ చూసుకునే ఎస్‌ఎంసీ అనే చిప్ ఉంటుంది. యాపిల్ ఒక రహస్య తాళంచెవిని అందులో దాచి, ఫైండర్, డాక్ లాంటి ముఖ్యమైన ప్రోగ్రాములకు దాంతో తాళం వేసింది. ఆ తాళం తీసే కెక్స్ట్‌కు (ఓఎస్ గుండెకాయ అయిన కెర్నెల్‌కు జతయ్యే చిన్న ప్రోగ్రాము) పెట్టిన పేరు ‘డోంట్ స్టీల్ మాక్ ఓఎస్ ఎక్స్’. తాళానికి బతిమాలే పేరు పెట్టడం నాకైతే ముచ్చటగానే అనిపిస్తుంది.

ఈ అడ్డంకులన్నీ దాటించేది బూట్‌లోడర్. ఆపరేటింగ్ సిస్టమ్ కంటే ముందే లేచి, మెషీన్‌కు ఫలానా ఐమాక్ అని మోడల్ పేరు, సీరియల్ నంబరు తగిలిస్తుంది. హార్డ్‌వేర్ వివరాలతో మదర్‌బోర్డు ఇచ్చే ఏసీపీఐ పట్టికలను మాక్‌కు అర్థమయ్యేలా దిద్దుతుంది. లేని ఎస్‌ఎంసీ ఉన్నట్టు నటించే కెక్స్ట్‌ను మెమరీలోకి ఎక్కిస్తుంది. పోలీసు వేషం కట్టిన పగటివేషగాడికి ఊరి మునసబు లేచి దండం పెట్టినట్టు, కెర్నెల్ ఈ వేషాన్ని నమ్మి పనిలోకి దిగుతుంది.

తొలినాళ్లలో సిస్టమ్ ఫైళ్లనే మార్చేవాళ్లు. అప్‌డేట్ వచ్చిందంటే కథ మళ్లీ మొదటికి. కమీలియన్, క్లోవర్ అనే బూట్‌లోడర్లు దాటి ఓపెన్‌కోర్ వచ్చేసరికి మార్పులన్నీ చిన్న ఈఎఫ్‌ఐ పార్టిషన్‌కే పరిమితమై, అసలు సిస్టమ్‌ను ముట్టుకోనక్కర లేకపోయింది. ఈ విద్యలో నిజమైన పనితనం ఇదే. అయినా సగం గెలుపు కొట్లోనే తేలిపోయేది: 2018లో వచ్చిన మాక్ ఓఎస్ వెర్షన్ మోహావేకి ఎన్విడియా కొత్త గ్రాఫిక్స్ కార్డుల డ్రైవర్లు లేవు, తెలిసినవాళ్లు ఏఎండీ కార్డులే కొనేవాళ్లు.

యాపిల్ లైసెన్సు ప్రకారం మాక్ ఓఎస్‌ను ఆ కంపెనీ కంప్యూటర్లలోనే వాడాలి. ఫ్లోరిడాలోని సైస్టార్ 2008లో ఇలాంటి పీసీలను అమ్మకానికే పెట్టింది. యాపిల్ దావా వేసింది, 2009లో కోర్టు అమ్మకాలు ఆపించింది.

హ్యాకింతోష్‌ను దెబ్బతీసింది మాత్రం కోర్టు కాదు, చిప్. 2020లో ఎం1తో యాపిల్ సొంత చిప్‌లకు మారింది. అలాంటి చిప్ బజారులో విడిగా దొరకదు. ఇంటెల్‌పై నడిచే ఆఖరి వెర్షన్ 2025 నాటి టాహో అని యాపిలే చెప్పేసింది.

విద్య మాత్రం వృథా పోలేదు. యాపిల్ అప్‌డేట్లు ఆపేసిన అసలు మాక్‌లలో కొత్త వెర్షన్లు నడిపే ఓపెన్‌కోర్ లెగసీ ప్యాచర్‌కు ఆధారం ఇదే. మీ ఇంట్లో 2012 నాటి మాక్‌బుక్ ప్రో మూలపడి ఉంటే పాత సామాన్ల వాడికి ఇచ్చేయకండి. ముందు బ్యాకప్ తీసుకుని, ఒకసారి ప్రయత్నించి చూడండి.