సముద్రానికి పోయే ముందు గాలి సంగతి తెలుసుకోవాలి

మేడ్చల్: సముద్రం లేని జిల్లా మనది. శామీర్‌పేట పెద్ద చెరువు నిండినప్పుడు కట్ట మీద నిలబడి చూస్తే మనకు అదే సముద్రం. కాని ఈనాటి కుర్రకారుకు చెరువు ఆనడం లేదు. పలక మీద నిలబడి, తెరచాప చేతబట్టి, గాలి ఊపుకు నీళ్ల మీద దూసుకుపోయే విండ్ సర్ఫింగ్ ఆటను ఫోన్లలో చూసి మోజుపడుతున్నారు. నలుగురు స్నేహితులు కూడితే విశాఖకో, గోవాకో ప్రయాణం కట్టాలనుకుంటున్నారు. మొదట రైలు టికెట్టు, తర్వాత లాడ్జి గది చూసుకుంటారు. నిజానికి మొదట చూడవలసినవి వేరే ఉన్నాయి. ఏ నెల, ఏ గాలి, తమకు ఈత వచ్చునా రాదా అన్నవే అవి.

ఆట కొత్తదేమీ కాదు

అమెరికాలోని పెన్సిల్వేనియాలో న్యూమన్ డార్బీ అనే ఆయన 1964లో ఇటువంటి తెరచాప పలకను తయారు చేశాడు. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో ఈ ఆటకు చోటు దొరికింది. 2023లో చైనాలోని హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో మన దేశానికి చెందిన ఇబాద్ అలీ ఇందులో కాంస్య పతకం గెలిచాడు.

పలకకు చుక్కాని ఉండదు. తెరచాప కొయ్య అన్ని వైపులకూ వంగేలా పలకకు బిగించి ఉంటుంది. ఆటగాడు అడ్డకర్ర పట్టుకొని చాపను ముందుకు, వెనక్కు వంచడం ద్వారానే పలకను తిప్పుతాడు. బలం కన్నా నేర్పు ముఖ్యం. మొదటి రోజంతా పడటం, లేవడం, నీళ్లలో పడిన చాపను తాడుతో పైకి లాగడంతోనే సరిపోతుంది.

కళ్లంలో తెలిసిన పాఠమే

తూర్పారబట్టే రైతు ముందు గాలి ఎటునుంచి వస్తున్నదో చూసుకొని నిలబడతాడు. సముద్రం మీదా అదే పాఠం. పగటి ఎండకు నీటికన్నా నేల త్వరగా వేడెక్కుతుంది. అందుచేత మధ్యాహ్నం నుంచి గాలి సముద్రం మీదినుంచి గట్టుకు వీస్తుంది. రాత్రి నేల త్వరగా చల్లబడి, తెల్లవారుజామున గాలి గట్టు నుంచి సముద్రానికి మళ్లుతుంది. తెరచాప తెప్పల కాలంలో జాలరులు ఆ తెల్లవారి గాలితో వేటకు పోయి, మధ్యాహ్నపు గాలితో తిరిగి వచ్చేవారు. కొత్తగా నేర్చేవారికి గట్టు నుంచి లోపలికి వీచే గాలి ప్రమాదకరం. ఒడ్డున నీళ్లు నిమ్మళంగా కనిపిస్తాయి గాని, పలక మాత్రం తిరిగి రాలేనంత దూరం పోతుంది.

నెలనూ చూసుకోవాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా గోవా తీరంలో సముద్రం పోటెత్తి ఉంటుంది. దసరా సెలవులు బంగాళాఖాతంలో తుపాన్ల కాలంలో వస్తాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను అతలాకుతలం చేసింది. సంక్రాంతి రద్దీ తగ్గాక, జనవరి చివర, ఫిబ్రవరి నెలల్లో పోవడం మేలు.

కబురు మన జిల్లాలోనే

దేశంలోని తీరాలన్నింటికీ అలల కబురు చెప్పే కార్యాలయం మన మేడ్చల్ జిల్లా ప్రగతినగర్‌లోనే ఉన్నది. ఇన్‌కాయిస్ అని పిలిచే ఈ కేంద్ర సంస్థ 1999లో ఏర్పడింది. 2007 నుంచి సునామీ హెచ్చరికల కేంద్రం కూడా ఇక్కడే పని చేస్తున్నది. ఎక్కడ అలలు ఎత్తుగా లేస్తాయో, జాలరులు ఎప్పుడు వేటకు పోరాదో ముందుగా చెబుతారు. ప్రయాణానికి ముందు రోజు ఆ హెచ్చరికలు చూసుకోవడానికి ఖర్చేమీ లేదు.

ముందు ఈత

బెండ్లు కట్టుకొని బావిలో ఈత నేర్చిన తరం వెనుకబడింది. బావులు ఎండాయి, పిల్లలకు ఈత రాలేదు. లైఫ్ జాకెట్ ఈతకు తోడే గాని బదులు కాదు. చెరువులో ఈదినవారు సైతం సముద్రంలో జాగ్రత్త పడాలి. అలలు విరగని చోట నీరు లోపలికి లాగుతుంది. అక్కడ చిక్కితే ఒడ్డుకు ఎదురీది అలసిపోరాదు. గట్టు వెంబడి పక్కకు ఈది బయటపడాలి. శిక్షకుడు లేనిదే పలక ఎక్కరాదు. పోయే చోట విండ్ సర్ఫింగ్ నేర్పేవారున్నారో లేదో ముందే విచారించుకోవాలి.

తెరచాప రుచి చూడాలంటే సముద్రం దాకా పోనవసరం లేదు. హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవలు నేర్పే క్లబ్బులున్నాయి. అక్కడ తయారైన కొంగర ప్రీతి హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన దేశం తరఫున పడవ నడిపింది. మేడ్చల్ నుంచి సికింద్రాబాద్‌కు 2023 ఏప్రిల్‌లో ఎం.ఎం.టి.ఎస్. రైళ్లు మొదలయ్యాయి.

ఇవన్నీ కుదిరాకే దూరపు టికెట్టు. 1974 నుంచి నడుస్తున్న గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో సాయంత్రం ఎక్కితే తెల్లవారేసరికి విశాఖ. రిజర్వేషన్ 60 రోజుల ముందు దొరుకుతుంది. ఈత రానివారికి ఆ రెండు నెలలూ నేర్చుకోవడానికి చాలిన గడువే.