ఖులాకు కట్టే వెల

భార్య ఖులా (మెహర్ తిరిగిచ్చి ఆమె తీసుకునే విడాకులు) కోరితే భర్త సరేననాల్సిన పని లేదని 2025 జూన్‌లో తెలంగాణ హైకోర్టు తేల్చి చెప్పింది. మత న్యాయపండితుడైన ముఫ్తీ రాసిచ్చే పత్రమూ తప్పనిసరి కాదు, ఆయన మాట సలహా మాత్రమే. ఆమె నిజంగానే కోరిందా, రాజీకి ప్రయత్నం జరిగిందా, పెళ్లికి భర్త ఇచ్చిన మెహర్ తిరిగిస్తానందా? ఫ్యామిలీ కోర్టు చూసుకోవాల్సింది ఇంతే. ఆ కేసులో కోర్టుకెక్కింది భర్తే. ఖులా చెల్లదన్నాడు, ఓడిపోయాడు.

నిజానికి ఈ హక్కు పాతదే. సాబిత్ ఇబ్న్ ఖైస్ భార్య ప్రవక్త దగ్గరికి వచ్చి, తన భర్త నడవడికలో లోపం లేదనీ, అతనితో కాపురం చేయడం మాత్రం తన వల్ల కాదనీ చెప్పుకుందని హదీసుల్లో ఉంది. మెహర్‌గా తీసుకున్న తోట తిరిగిస్తావా అని ఆయన అడిగారు. ఇస్తానంది. పెళ్లి రద్దయింది.

ఈ కథలోకి భర్త అంగీకారం తర్వాత వచ్చి చేరింది. మన ఉపఖండంలో ఎక్కువమంది అనుసరించే హనఫీ సంప్రదాయంలో అతను ఒప్పుకుంటేనే ఖులా. బ్రిటిష్ కాలపు పంజాబులో దీనికి స్త్రీలు విచిత్రమైన దారి వెతుక్కున్నారు. మతం విడిచిపెడితే పెళ్లి దానంతటదే రద్దవుతుంది కాబట్టి, మొగుణ్ని వదిలించుకోవడానికి కొందరు ఇస్లామునే వదిలేశారు! ఉలిక్కిపడిన దేవ్‌బందీ పండితుడు మౌలానా అష్రఫ్ అలీ థాన్వీ, మాలికీ సంప్రదాయంలోని వెసులుబాట్లను అరువు తెచ్చి గ్రంథం కూర్చారు. దాని ప్రభావంతోనే 1939 విడాకుల చట్టం వచ్చింది. నాలుగేళ్లు జాడ లేని భర్త, రెండేళ్లు తిండీబట్టా చూడని భర్త నుంచి కోర్టు ద్వారా విడిపోవచ్చు. అదే చట్టం మతం మారినంత మాత్రాన పెళ్లి రద్దు కాదని పాత దారినీ మూసేసింది. స్త్రీల గోడు కంటే మందిని పోగొట్టుకుంటామన్న భయమే పెద్దల్ని ఎక్కువ కదిలించిందని నా అనుమానం.

పాకిస్తాన్ సుప్రీంకోర్టు 1967లో, కేరళ హైకోర్టు 2021లో భర్త అనుమతి అక్కర్లేదన్నాయి. ఈజిప్టులో 1975లోనే నటి ఫాతెన్ హమామా సినిమా ఒకటి విడాకుల కోసం కోర్టుల చుట్టూ తిరిగే స్త్రీ గోడును తెరకెక్కించింది. ఖులా చట్టం రావడానికి మాత్రం 2000 దాకా పట్టింది. అక్కడ కారణం నిరూపించక్కర్లేదు. కానీ మెహర్ తిరిగివ్వాలి, రావాల్సిన బాకీ మెహర్‌నూ తన భరణాన్నీ వదులుకోవాలి. పిల్లల సంరక్షణకూ ఖర్చుకూ ముడిపెట్టకూడదన్నంత మేరకే ఊరట. చేతిలో సొంత రాబడి ఉన్న స్త్రీకి అది తలుపు. లేనివాళ్లు హింసను రుజువు చేసుకుంటూ వాయిదాల వెంట తిరగాల్సిందే.

హైదరాబాదులో లెక్క తలకిందులు. ఎన్నో పెళ్లిళ్లలో మెహర్ చిన్న మొత్తం. అసలు డబ్బు పిల్లవైపు నుంచి జోడే కి రఖం (నగదు కట్నం)గా, జహేజ్ (కట్నపు సామాన్లు)గా వెళ్లిపోయి ఉంటుంది. మెహర్ తిరిగివ్వడం కష్టం కాదు, అవతలికి వెళ్లింది రాబట్టడమే కష్టం. ‘ఖులా ఇస్తాలే, సామాన్లు అడక్కు, కేసులు పెట్టకు’ అనే బేరం అక్కడే మొదలవుతుంది. భర్త ఒప్పుకోలే అక్కర్లేదన్న తీర్పు విలువ ఈ బేరంలోనే ఉంది. అమ్ముకోవడానికి అతని దగ్గర ఇక సరుకు లేదు. పైగా విడాకులైన ముస్లిం స్త్రీకి భరణం ఇవ్వాలన్న షాబానో తీర్పును నీరుగార్చడానికి తెచ్చారని అందరం తిట్టుకునే 1986 చట్టమే, పెళ్లికి ముందూ పెళ్లప్పుడూ తర్వాతా ఆమెకు పుట్టింటివాళ్లు పెట్టినదంతా విడాకుల తర్వాత ఆమెదేనంటోంది. ఖులా తీసుకున్నామె కూడా అందులోకి వస్తుంది. ఎందుకో ఆ సెక్షన్‌ను మాత్రం ఎవరూ పెద్దగా తలుచుకోరు.

బ్రిటన్‌లో చిక్కు వేరు. నిఖా మాత్రమే చేసుకుని రిజిస్టర్ చేయించుకోని జంట చట్టం దృష్టిలో దంపతులే కాదని 2020లో అప్పీలు కోర్టు చెప్పింది. విడిపోవడానికి షరియా కౌన్సిల్ చుట్టూ తిరిగిన స్త్రీకి చివరికి భార్య హోదాలో ఇంట్లో వాటా అడిగే దారీ ఉండదు. కాబూల్‌లో అయితే 2021 తర్వాత మహిళా జడ్జీలనే తీసేశారు. పాత ప్రభుత్వపు కోర్టులిచ్చిన విడాకులను తాలిబన్ కోర్టులు రద్దు చేసిన ఉదంతాలూ వెలుగులోకి వచ్చాయి.

ఈ వెల కట్టక్కర్లేని దారీ ఉంది. పాకిస్తాన్, బంగ్లాదేశ్ నిఖానామాల్లో (పెళ్లి ఒప్పంద పత్రాల్లో) 18వ గడి ఒకటుంది. విడాకులిచ్చే అధికారాన్ని భర్త భార్యకు కూడా అప్పగించాడా అన్నది అక్కడ రాయాలి. రాసి ఉంటే ఆమె దేన్నీ వదులుకోకుండా విడిపోవచ్చు. పాకిస్తాన్‌లో చాలాచోట్ల పెళ్లికూతురిని అడగకుండానే దాన్ని కొట్టేస్తారు. మన దగ్గర ఆ గడి అచ్చువేసి ఉండదు గానీ, అలాంటి షరతు రాసుకుంటే చెల్లుతుంది. జోడే కి రఖం మీద గంటలకొద్దీ బేరమాడే పెద్దలు ఈ మాట ఎత్తితే మాత్రం అపశకునమంటారు.